ఆకాశం నుంచి వచ్చినవాళ్ళకు కరుణాకుమారి సాక్ష్యం

ఆదివారం ఆరాధనలో రెండో పాట అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ వారం జరిగిన మేలు ఎవరి మనసులో ఇంక ఆగలేక కదులుతుందో వాళ్ళు లేచి నిలబడి చెబుతారు. దాన్ని సాక్ష్యం అంటారు. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డులో, రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఆ చిన్న చర్చిలో చాలా ఏళ్ళు అందరికంటే ముందు లేచింది కరుణాకుమారి.

మిగతావాళ్ళు పెద్ద మేళ్ళు చెప్పేవాళ్ళు. ఆపరేషన్ బాగా జరిగిందని, కొడుక్కి ఉద్యోగం వచ్చిందని, చెరువులో రొయ్యలకు తెల్లమచ్చ తెగులు రాలేదని. ఆమె చిన్నవి చెప్పేది. గ్యాసు బండ పండగ దాటేదాకా వచ్చిందని. నెల్లూరు బస్సులో ఎవరో తెలియని అమ్మాయి కిటికీ పక్క చోటు ఇచ్చిందని. ఆరేసిన మిరపకాయలు లోపలికి ఎత్తుకున్నాకే వాన మొదలైందని. ఒక వారం, తెల్లారి మెలకువ వచ్చినప్పుడు కాసేపు ఏ నొప్పీ తెలియలేదని చెప్పింది. మంచం మీద అలా పడుకుని ఉంటే, తాను ఎవరో చిన్నపిల్ల అనుకుందట. లేచి నిలబడగానే మోకాళ్ళు పలకరించాయట.

"అయినా ముందు ఆ రొంతసేపు ఇచ్చినాడు గదా దేవుడు. దానికి వందనాలు" అని కూర్చుంది.

సాక్ష్యం ఒక్కరే చెప్పేది కాదు. చెప్పే మనిషి ఊపిరి కోసం ఆగితే చుట్టూ ఉన్నవాళ్ళు మెల్లగా "స్తోత్రం" అంటారు. ఏడుపు అడ్డొచ్చి ఆగినా అంతే, మాట దొరక్క ఆగినా అంతే. ఇసుకలో కూరుకున్న పడవ కిందికి ఒక అల వచ్చినట్టు ఆ మాట వస్తుంది, మనిషి కదులుతుంది. దీన్ని ఎవరూ ఎవరికీ నేర్పలేదు. తల్లి ఒళ్ళో కూర్చున్న పిల్లలు కూడా ఎప్పుడు అనాలో అప్పుడే అంటారు.

చర్చికి ఎదురుగా, రోడ్డుకు అవతల నాగుల్ మీరా టైలరు షాపు. ఆయనకు శుక్రవారం సెలవు, ఆదివారం పని. కిటికీలోంచి కరుణాకుమారి గొంతు వినపడగానే ఆయన కాలు కుట్టుమిషను మీద ఆగిపోయేది. ఆమె కూర్చున్నాక మళ్ళీ తొక్కేవాడు. ఆయన భార్య జమాల్‌బీ లోపల కాజాలు కుడుతూ ఎగతాళి చేసేది. "మీ అక్క మాట్లాడిందాకా మీకు దారం ఎక్కదు. ఆడికే పోయి కూర్చోరాదా?"

"ఈడికి బాగానే ఇనపడతా ఉండాది లే" అనేవాడు ఆయన.

ఆయన ఆమెను అక్కా అనడం హాస్టలు రోజుల నుంచి. కరుణాకుమారి చర్చి మిషనువాళ్ళు నడిపిన ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా పని చేసింది. అక్కడి పిల్లల గౌన్లు కుట్టింది నాగుల్ మీరానే. కొలతలు తీసుకోవడానికి పోయినప్పుడు ఆయనను భోజనం చేయకుండా పంపేది కాదు. ఆమె భర్త సుశీల్ కుమార్ అదే హాస్టలుకు కావలిమనిషి. కొడుకు టైటస్ బడిలో ఉండగానే ఆయన పోయాడు. ఆ తర్వాత కూడా ఆమె పొద్దున్నే పొయ్యి వెలిగించింది, బియ్యం ఎసట్లో పోసింది, చారులో ఉప్పు వేలితో చూసింది. దుఃఖం ఆమెతో పాటు వంటింట్లోకి వచ్చి, కొన్నాళ్ళు పీట మీద కూర్చుని, పని చూసి చూసి లేచి వెళ్ళిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక పిల్లకు విషజ్వరం వచ్చింది. ఎవరు పెట్టినా నోరు తెరిచేది కాదు. కరుణాకుమారి జావలో తడిపిన మెత్తటి అన్నం ఉండ చేసి పెదవుల దగ్గర పెడితే మాత్రం తినేది. జ్వరం దిగేదాకా ఆమె ఆ పిల్ల మంచం పక్కనే పడుకుంది. ఆ కథ ఆమె సాక్ష్యాల్లో ఏటా ఒకసారైనా వచ్చేది. పిల్ల బతికినందుకు కాదు వందనాలు. తన చేతి ముద్దను ఆ పిల్ల నమ్మినందుకు.

కొన్నేళ్ళకు హాస్టలు మూతపడింది. టైటస్ రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలు బాగుచేసే పని నేర్చుకున్నాడు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. చర్చి కూడా మారింది. పాత పెంకులు తీసి కాంక్రీటు పైకప్పు పోశారు. మైకులు వచ్చాయి, కీబోర్డు వచ్చింది, ఆరాధన ఫోనుల్లో లైవుగా పోవడం మొదలైంది. కొత్త పాస్టరు మంచివాడే. సాక్ష్యం చెప్పేటప్పుడు మధ్యలో అందరూ మాట్లాడితే మైకులో గోలగా వినపడుతోందని, చెప్పేవాళ్ళు పూర్తిచేసేదాకా నిశ్శబ్దంగా ఉండమని కోరాడు. అందరూ విన్నారు.

కరుణాకుమారికి మరుపు మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. మొదట గరిటెలు, తాళంచెవులు పోయాయి. తర్వాత వారాలకు వారాలే గుర్తులోంచి పోయాయి. ఒక ఆదివారం ఆమె లేచి, "ఈ వారం నాకు..." అని ఆగింది. మాట రాలేదు. చుట్టూ చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. మైకు మాత్రం సన్నగా మోగుతూ ఉంది. ఆ నిశ్శబ్దం నీళ్ళులేని బావిలాగా ఉంది, ఆమె దాని అంచున నిలబడి ఉంది. సాక్ష్యం అయిపోయిందనుకుని కీబోర్డు వాయించే అబ్బాయి తర్వాతి పాట ఎత్తుకున్నాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆమె కూర్చుంది.

ఇంటికి నడిచి వస్తుంటే టైటస్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. అతనికి ఆ నవ్వు ఇంకా చెవుల్లో ఉంది.

"మా, ఇంక లెయ్యబాక. కూర్చోనే ప్రార్థన చేసుకో. ఆయనకి ఇనపడదా?"

ఆమె ఆ తర్వాత ఆదివారం లేవలేదు. ఆ పైన కూడా లేవలేదు. ఎదురు షాపులో నాగుల్ మీరా రెండో పాట తర్వాత అలవాటుగా కాలు ఆపేవాడు. ఆగి, కొంచెంసేపు చూసి, ఏదో ఇంట్లో దీపం వెలగలేదని గమనించినవాడిలా మళ్ళీ మిషను తొక్కేవాడు.

నెల్లూరులో డాక్టరుకు చూపించారు. మాత్రలు రాశాడు. "మనుషుల్లో ఉంచండి, మాట్లాడించండి. మాట్లాడకుండా కూర్చుంటే ఉన్న మాటలు కూడా పోతాయి" అన్నాడు. టైటస్ ప్రయత్నించాడు. పొద్దున "నిద్ర పట్టిందా మా" అంటే "పట్టింది నాయనా" అనేది. సాయంత్రం "తిన్నావా" అంటే "తిన్నా" అనేది. అంతే. తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటూ ఆమె లోపలి గదుల్లోకి పోతోందని అతనికి తెలుస్తూనే ఉంది. పిలిచి వెనక్కి తేవడం ఎలాగో తెలియలేదు.

అప్పుడు సినిమావాళ్ళు వచ్చారు.

వాళ్ళు పెద్ద కంపెనీవాళ్ళు కాదు. నెల్లూరు అమ్మాయి ఫరీన్, ఒక కెమెరా, నలుగురు స్నేహితులు, బాడుగ వ్యాను. సముద్రం ఒడ్డున సరుగుడు తోపులో తీస్తామన్నారు. సినిమా పేరు "ముడతల బడి". కథ విన్న ఊరు ముందు నవ్వింది, తర్వాత ఆలోచనలో పడింది.

ఆకాశంలో ఎక్కడో ఒక లోకం ఉంది. అక్కడ ఎవరికీ ముసలితనం రాదు. వెంట్రుక నెరవదు, నడక నెమ్మదించదు. నిండు వయసులోనే ఒకరోజు దీపం ఆరినట్టు ఆరిపోతారు. వయసు పండటం అంటే ఏమిటో వాళ్ళకు తెలియదు. అది నేర్చుకోవాలని వాళ్ళలో కొందరు ఈ ఒడ్డున దిగుతారు. ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గర శిష్యులుగా చేరతారు.

"శ్రీహరికోట నుంచి పైకి పొయ్యేవి చూసినాం గానీ, పైనుంచి వచ్చేవి ఇదే మొదలు" అన్నాడు ముత్యాలయ్య. ఆయన వలలు మానేసిన బెస్తవాడు, ఇప్పుడు రచ్చబండ మాటలే ఆయన వేట. "అయితే పాపా, ఆ పై లోకమోళ్ళకి మేం మోకాళ్ళ నొప్పులు నేర్పాలన్న మాట."

"అవును తాతయ్యా, అదే కథ" అంది ఫరీన్.

"ఫీజు ఎక్కువ తీసుకో. చాలా కష్టపడి నేర్చుకున్నాం."

ఆకాశంవాళ్ళ దుస్తులు కుట్టే పని నాగుల్ మీరాకు వచ్చింది. రొయ్యల పెట్టెల్లో ఐసు కరగకుండా పరిచే వెండిరంగు షీటుతో కుట్టాడు. తలకు పెట్టుకోవడానికి పచ్చళ్ళు అమ్మే పెద్ద ప్లాస్టిక్ జాడీని కోసి అమర్చారు. నెల్లూరు నుంచి వచ్చిన నటుడు ఆ ఎండలో అది తొడుక్కుని పావుగంట నిలబడి, కళ్ళు తిరిగి కూర్చుండిపోయాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నది టైలరు ఒక్కడే. అలా నాగుల్ మీరా, నెరిసిన గడ్డంతో, కీళ్ళ నొప్పులతో, ఎవరూ ఎన్నటికీ ముసలివాళ్ళు కాని లోకం నుంచి వచ్చినవాడయ్యాడు.

జాడీలోంచి ఆయన మొహం సరిగ్గా కనపడదు కాబట్టి సరిపోయింది. "లోపల మామిడికాయ ఊరగాయ వాసన. ఆకాశం ఇట్టా ఉంటదని నాకు తెలీదు" అన్నాడు ఆయన.

జమాల్‌బీ చూడటానికి వచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నిఖాకి కూడా ఇంత మెరవలేదు మీరు."

ఫరీన్‌కు ఇంకొంతమంది ముసలివాళ్ళు కావాలి. నాగుల్ మీరా ఆ సాయంత్రమే కరుణాకుమారి ఇంటికి పోయాడు. ఆమె వసారాలో నులకమంచం మీద కూర్చుని, ఎదురుగా చెరువులో తిరిగే చక్రాలు నీళ్ళను తెల్లగా చిమ్మడం చూస్తూ ఉంది.

"కరుణక్కా, సినిమాలో చేస్తావా?"

ఆమె ఆయన వైపు చూసి, "నా మొహం" అంది.

"మొహమే కావాలంటా ఉండారు."

ఆమె నవ్వింది. ఈ మధ్య ఆ నవ్వు చూడని టైటస్ గుమ్మంలోకి వచ్చాడు. విషయం విని మొహం ముడుచుకున్నాడు.

"వద్దు మీరన్నా. చర్చిలో జరిగింది చాలదా? ఆడ అందరి ముందర మాట రాక నిలబడితే? ఊరు నవ్వేది నేను చూడలేను."

"మాటలేం లేవంట టైటసూ. ఎనక కూర్చోవడమే."

"కూర్చోడమేగా నాయనా" అంది కరుణాకుమారి. "ఈడ చేసేదీ అదే. ఆడైతే సముద్రం గాలి వస్తుంది."

టైటస్ లోపలికి పోయి, రేపటికి ఆమె చీర ఒకటి తీసి పెట్టాడు.

మొదటి రోజు ఆమె వెనకే కూర్చుంది. ఫరీన్ కెమెరాలో ఆ మొహం చూసి, తలెత్తి నేరుగా చూసి, మళ్ళీ కెమెరాలో చూసింది. రెండో రోజు ఆమెను ముందుకు తెచ్చింది. సినిమాకు గుండె లాంటి ఘట్టం ఆమెకు ఇచ్చింది. ఆకాశం నుంచి వచ్చినవాడు ఒక ముసలామె చేతులు చూసి, ఈ గీతలు ఎవరు గీశారని అడుగుతాడు. ఆమె చెప్పే మాట విని అతను ఇక్కడే ఉండిపోవాలనుకుంటాడు. ఆ మాటల కోసమే ఫరీన్ ఈ సినిమా మొదలుపెట్టింది.

కరుణాకుమారి ఒప్పుకుందని తెలిసి టైటస్ పని మానుకుని వచ్చాడు. జనరేటరు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముత్యాలయ్య, చర్చికి వచ్చే మరికొంతమంది ముసలివాళ్ళు ఆమె వెనక ఇసుకలో చాపల మీద కూర్చున్నారు. వాళ్ళు నోరు తెరవకూడదని ఫరీన్ ముందే చెప్పింది.

నాగుల్ మీరా జాడీ లోపలి నుంచి అడిగాడు. "అమ్మా, మీ చేతుల మీద ఈ గీతలు ఎవరు గీశారు?"

కరుణాకుమారి చెప్పాలి, "కాలం గీసింది. ఒక్కో గీతలో ఒక్కో ఋతువు నిద్రపోతోంది" అని.

"కాలం గీసింది" అంది. ఆగింది.

మళ్ళీ తీశారు. "కాలం..." అంది. ఇంకోసారి అసలు ఏమీ అనలేదు. ఫరీన్ దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా చెప్పించింది. ఆమె పెదవులు కదిపి నేర్చుకుంది. కెమెరా తిరగగానే ఆ మాటలు ఎండ్రకాయల్లా బొరియల్లోకి జారిపోయాయి.

"ఋతువెందుకు పాపా, ఎండాకాలం వానాకాలం అనిపించరాదా" అన్నాడు ముత్యాలయ్య. ఫరీన్ సిగ్గుపడి, సరేనని మార్చింది. అదీ నిలవలేదు.

పొద్దు సరుగుడు తోపు మీదికి వాలింది. నీడలు పొడుగై నీళ్ళను తాకాయి. కరుణాకుమారి తన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తోంది. టైటస్ ఇంక ఆగలేక ముందుకు వచ్చాడు.

"చాలు మేడం. మా అమ్మని ఇంటికి తీసుకుపోతా."

"నావల్ల కాదు పాపా" అంది కరుణాకుమారి. గొంతులో బాధ లేదు, అలసట మాత్రం ఉంది. "నాలో ఏం మిగల్లేదు. ఇంకెవురన్నా ఉంటే చూసుకో తల్లీ." ఆ మాట సినిమా గురించి మాత్రమే కాదని టైటస్‌కు, నాగుల్ మీరాకు ఇద్దరికీ అర్థమైంది.

ఫరీన్ ఆమె చేతులు పట్టుకుంది. "ఇంకొక్కసారి అమ్మమ్మా. మీరు మాట్లాడొద్దు. ఊరికే ఆయన్ని చూస్తూ ఉండండి. మొహం తీసుకుంటా, మాటలు తర్వాత ఇంకెవరితోనైనా చెప్పిస్తా."

టైటస్ వెనక్కి తగ్గాడు. కెమెరా తిరిగింది.

నాగుల్ మీరా ఎదురుగా నిలబడి ఆమెను చూశాడు. ఇంకెవరిదో గొంతు ఆమె నోటికి పెడతారన్న మాట ఆయనకు నచ్చలేదు. ఆదివారాలు ఎదురుచూసి ఎదురుచూసి ఊరుకున్న కాలు ఆయనది. ఆయన అనాల్సిన మాట అనలేదు.

"కరుణక్కా" అన్నాడు. "ఈ వారం నీకు ఏం మేలు జరిగిందో చెప్పు."

కరుణాకుమారి లేచి నిలబడింది.

సాక్ష్యం ఎవరూ కూర్చుని చెప్పరు. కూర్చున్న మొహానికి సరిచేసి పెట్టిన కెమెరాలో ఆమె చీర కుచ్చెళ్ళు మాత్రమే మిగిలాయి. కెమెరా అబ్బాయి గాబరాగా దాన్ని పైకి ఎత్తాడు. ఆమె మొహం మళ్ళీ దొరికింది. వెనక సముద్రం, పైన రాగిరంగు వెలుగు.

"ఈ వారం" అంది ఆమె, "పొయ్యి ఎలిగించి మర్చిపోయినా. పోయి చూస్తే గ్యాసు కూడా అయిపోయి ఉండాది. ఏమీ మాడలేదు. దానికి వందనాలు."

చాపల మీద ముత్యాలయ్య నవ్వు ఆపుకున్నాడు.

"చెరువులో చక్రాలు తిరగతా ఉంటాయి గదా. పడుకుంటే వానొస్తా ఉన్నట్టు ఉంటది. వాన లేకుండానే వాన చప్పుడు ఇస్తా ఉండాడు. మా అబ్బయ్య బాగుచేసిన చక్రాలు అవి. రోజూ అన్నం తిన్నావా అని అడగతాడు. నేను తిన్నా అంటాను. తిన్నానో లేదో నాకు తెలీదు. అడిగినాడు, అది తెలుసు."

టైటస్ జనరేటరు వైపు తిరిగి నిలబడ్డాడు.

"హాస్టల్లో ఒక పిల్లకి జ్వరం వచ్చింది. ఎవురు పెట్టినా తినేది కాదు. నేను ముద్ద చేసి పెడితే తిన్నది. ఆ పిల్ల పేరు..."

ఆగింది.

"ఆ పిల్ల పేరు..."

పాత నిశ్శబ్దం మళ్ళీ వచ్చింది. ఆమె చుట్టూ చూసింది. చాపల మీద ఉన్నవాళ్ళు నోరు తెరవకూడదన్న మాటకు కట్టుబడి, ఊపిరి బిగపట్టి కూర్చున్నారు. ఫరీన్ చెయ్యి కట్ చెప్పడానికి సగం లేచింది. ఆ బావి అంచు మీద ఆమె పాదాలు మళ్ళీ నిలబడి ఉన్నాయి.

పచ్చడి జాడీలోంచి బొంగురుగా, గుహలోంచి వచ్చినట్టు ఒక మాట వచ్చింది.

"స్తోత్రం."

ఆకాశం నుంచి దిగినవాడు అన్నాడు ఆ మాట. చర్చి కిటికీకి బయట కూర్చుని ఇన్నేళ్ళు విన్నవాడికి ఎక్కడ అనాలో తెలుసు.

"స్తోత్రం" అన్నాడు ముత్యాలయ్య వెంటనే. చాపల మీద నుంచి ఇంకో గొంతు, ఇంకొకటి. కొన్ని పళ్ళు లేని గొంతులు, కొన్ని వణికేవి. జనరేటరు దగ్గర నుంచి టైటస్ గొంతు అన్నిటికంటే ఆలస్యంగా, అన్నిటికంటే గట్టిగా వచ్చింది. చిన్నప్పుడు ఆమె ఒళ్ళో కూర్చుని అన్న మాటే.

కరుణాకుమారి భుజాలు వదులయ్యాయి.

"పేరు పోయింది" అంది. "పోతే పోనీ. ముద్ద ఈడే ఉంది." కుడిచెయ్యి ఎత్తి, వేళ్ళు దగ్గరికి చేర్చి, ఎదురుగా ఉన్న వెండి మనిషికి చూపించింది. ఆ వేళ్ళ మధ్య కనపడని అన్నం ఉండ ఒకటి వెచ్చగా ఉంది. "నువ్వు నేర్చుకునేదానికి వచ్చినావు గదా నాయనా, ముసలితనం ఎట్టా ఉంటదని. ఇట్టా ఉంటది. ఎవురికి పెట్టినానో మర్చిపోయినా. పెట్టినాను, అది మర్చిపోలేదు. మీ లోకంలో ఆకలయితే చెప్పండి. నా చెయ్యి ఇంకా చేస్తాది."

చెయ్యి దించి, "ఇంతవరకు నిలబెట్టినందుకు వందనాలు" అని కూర్చుంది.

ఫరీన్ కట్ చెప్పడం మర్చిపోయింది. కెమెరా ఆ ఖాళీ ఆకాశాన్నీ, తర్వాత మెల్లగా కిందికి దిగి ఆమె మొహాన్నీ చాలాసేపు తీస్తూనే ఉంది. నాగుల్ మీరా జాడీ తీసేశాడు. గడ్డం తడిగా ఉంది.

"చెమట" అన్నాడు ఎవరూ అడగకుండానే.

"మీరందరూ మధ్యలో అన్నది ఏంటి తాతయ్యా?" అని ఫరీన్ అడిగింది.

ముత్యాలయ్య చెప్పడానికి మాటలు వెతుక్కున్నాడు. "గట్టు ఎక్కేటప్పుడు ఎనక నుంచి నడుం మీద చెయ్యేస్తాం చూడు పాపా, అట్టాంటిది. తీసెయ్యాల్నా దాన్ని?"

"తీసెయ్యను" అంది ఫరీన్. తాను రాసుకున్న ఋతువుల మాట ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ వచ్చిన ఆదివారం, రెండో పాట అయ్యాక, టైటస్ తన చోటు నుంచి లేచి ఆడవాళ్ళ వైపు పోయి తల్లి మోచెయ్యి పట్టుకున్నాడు. "లెయ్యి మా" అన్నాడు. ఆమె లేచింది. మధ్యలో ఆగింది. నిశ్శబ్దంలో మొదట అతనే అన్నాడు ఆ మాట. మైకు కీచుమంది. తర్వాత చర్చి అంతా అంది. పాస్టరు తానూ అని, మైకును పక్కకు జరిపాడు. రోడ్డుకు అవతల ఆగిన కాలు, ఆమె కూర్చున్నాక మళ్ళీ తొక్కింది.

మరుపు ఆగలేదు. అది తన పని తాను చేసుకుంటూ పోయింది. కానీ ఆమె మాట్లాడుతూనే ఉంది. వంట గురించి, వాన గురించి, ఎవరి పిల్లలో తెలియని పిల్లల గురించి. ఒకే మేలు రెండు వారాలు చెప్పేది. రెండుసార్లూ అందరూ స్తోత్రం అన్నారు.

సినిమా తయారయ్యేసరికి మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఫరీన్ దాన్ని ముందు ఊళ్ళోనే చూపిస్తానంది. చర్చి ఆవరణలో తెల్ల గుడ్డ కట్టారు. దాని అంచులు నాగుల్ మీరా కుట్టాడు. పొద్దు గుంకి వెలుగు ఇంకా పూర్తిగా పోని వేళకు అందరూ చేరారు. మొదటి వరసలో కరుణాకుమారి, ఒక పక్క టైటస్, ఇంకో పక్క నాగుల్ మీరా, ఆయన పక్కన జమాల్‌బీ.

తెర మీద సముద్రం కదిలింది. వెండి మనిషి ఇసుకలో నడిచి వచ్చాడు. పిల్లలు "మీరా తాత" అని అరిచారు. జమాల్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముత్యాలయ్య తెర మీద కుంటడం నేర్పుతుంటే, కింద కూర్చున్న ముత్యాలయ్య, "నేను ఇంతకంటే బాగా కుంటతాను, సరిగ్గా తియ్యలేదు" అన్నాడు.

తర్వాత ఒక ముసలామె లేచి నిలబడింది. ఆమె మొహం తెరంతా నిండింది. వెనక రాగిరంగు వెలుగు.

కరుణాకుమారి ముందుకు వంగింది.

"ఎవురు నాయనా ఆమె?"

టైటస్ తెర వైపే చూస్తూ అన్నాడు. "మనూరామే మా."

"బాగా చెప్తా ఉండాది" అంది ఆమె. గ్యాసు అయిపోయిందన్న మాటకు అందరితో పాటు నవ్వింది. వాన చప్పుడు మాటకు తలాడించింది. "ఆ అబ్బయ్య మంచోడు. రోజూ అడగతాడంట చూడు" అంది. టైటస్ ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

తెర మీద ముసలామె జ్వరం వచ్చిన పిల్ల గురించి చెప్పింది. "ఆ పిల్ల పేరు..." అంది. ఆగింది. చుట్టూ చూసింది.

కరుణాకుమారి మొహంలో కంగారు కనపడింది. తనకోసం కాదు. అంతమంది ముందర మాట రాక నిలబడిపోయిన ఆ ముసలామె కోసం. తెర మీది వెండి మనిషి నోరు తెరవకముందే, ఆవరణలో ఎవరూ కదలకముందే, ఆమె అంది.

"స్తోత్రం."

గట్టిగా, నమ్మకంగా అంది. తెర మీద జాడీలోంచి అదే మాట బొంగురుగా తిరిగి వచ్చింది. కింద కూర్చున్నవాళ్ళంతా కలిశారు. కరుణాకుమారి మాత్రం ఇంకా తెర వైపే చూస్తోంది. లోపల ఎక్కడో దూరంగా మూసుకున్న ఒక తలుపు దగ్గర ఎవరో చిన్నగా తట్టినట్టు, ఆమె కనుబొమలు పైకి లేచాయి.

"రాహేలు" అంది.

టైటస్ ఆమె వైపు తిరిగాడు.

"ఆ పిల్ల పేరు రాహేలు నాయనా. పాపం ఆమెకి గుర్తు రావడంలేదు. ఎవురన్నా చెప్పండి ఆమెకి."

నాగుల్ మీరా రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, ముందుకు వంగి, తెర మీద నిలబడి ఉన్న ఆమెకు వినపడేలా చెప్పాడు.

"రాహేలు, కరుణక్కా. ఆ పిల్ల పేరు రాహేలు."

"ఆఁ" అంది కరుణాకుమారి తృప్తిగా, కుర్చీలో వెనక్కి ఆనుకుంటూ. తెర మీద ఆ ముసలామె కుడిచెయ్యి పైకెత్తి, వేళ్ళు దగ్గరికి చేర్చింది. కింద, టైటస్ ఒళ్ళో ఉన్న చేతి వేళ్ళు కూడా, మెల్లగా, దగ్గరికి చేరాయి.